బుర్రావారు కొండమీది చెరువుకి బయల్దేరారు

గుమ్మడిలంకలో తెలివి ఎక్కడ దొరుకుతుందని ఎవర్నడిగినా బుర్రావారిల్లు చూపిస్తారు. చూపించి అటు తిరిగి నవ్వుకుంటారనుకోండి, అది వేరే సంగతి. ఇంటిపేరులోనే బుర్ర ఉన్నాక ఇంక విడిగా తలకాయతో పనేమిటని పేరయ్య ధీమా. భార్య మంగతాయారుదీ అదే ధీమా. ఆవిడ తమ్ముడు చిట్టెబ్బాయి బుర్రావాడు కాకపోయినా, ఏళ్ళ తరబడి అక్క చేతి కూడు తిని వాడికీ ఆ తెలివి అబ్బింది.

మంగతాయారుకి ఒకటే కోరిక. రైసుమిల్లు వాళ్ళిచ్చిన క్యాలెండరు మీద, మంచుకొండల నడుమ నీలంగా ఒక చెరువు చూసింది. గోదారి లంకలో పుట్టిన మనిషి, నీళ్ళు పల్లానికి పోవడమే తప్ప కొండెక్కి కూర్చోవడం ఎరగదు. ఆ చెరువులో ఒక్క మునక వేయిస్తే చాలు, ఈ జన్మకి ఇంకేమీ అడగనంది. పేరయ్య మనసు కరిగి, యాత్రలకి బస్సులు నడిపే గవర్రాజుకి కబురంపాడు.

గవర్రాజు వచ్చి జాగ్రత్తలు చెప్పాడు. అక్కడ గాలి పలచగా ఉంటుందన్నాడు. చలికి పళ్ళు కొట్టుకుంటాయన్నాడు. ఆ ఎత్తులో కొందరికి తల తిరుగుతుంది, అలాంటి వాళ్ళని మాత్రం కొండకిందే వదిలేస్తానన్నాడు. మంగతాయారు వెంటనే, తల తిరక్కుండా ఏం చెయ్యాలని అడిగింది.

"మెల్లగా ఎత్తుకి అలవాటు పడాలమ్మా. ఇవాళ కాస్త ఎక్కి అక్కడే పడుకోవాలి, రేపు ఇంకాస్త ఎక్కి అక్కడ పడుకోవాలి" అన్నాడాయన.

అంతే. పులుసు పలచబడితే పిండి కలపమా, గాలికి మాత్రం ఎందుకు కలపకూడదని మంగతాయారు బస్తాడు బియ్యం మర పట్టించింది. సరిపోతుందో లేదో చూడాలిగా? ఫ్యాను కింద నిలబడి చాటెడు పిండి ఎగరేసింది. ఇంకేముంది, ఇంట్లో ఎవరు ఎవరో తెలియలేదు. దగ్గుకుంటూ బయటపడి, ఊపిరి కూడా దూరడం లేదు, గాలి భలే చిక్కబడిందని ముగ్గురూ సంబరపడ్డారు.

పళ్ళ తగువు చిట్టెబ్బాయి తీరుస్తానన్నాడు. ఒక్క నోట్లో పుట్టి పెరిగినవి కొట్టుకోవడమేమిటి, విడదీసి కూర్చోబెడితే సరి అని, తలా ఒక ఎండుకొబ్బరి ముక్క పైపళ్ళకీ కిందిపళ్ళకీ మధ్య ఇరికించాడు. అంతే, నోరు మూతపడదు, మాట రాదు, అన్నం దిగదు. పేరయ్య వీధిలో ఆ ఆ అంటుంటే, పాపం ఆవలిస్తున్నాడనుకుని పక్కింటివాళ్ళు చాప తెచ్చి వేసిపోయారు. కొబ్బరి నానాక నమిలి మింగేసి, పళ్ళు రాజీకొచ్చాయన్నారు.

ఇక మిగిలింది ఎత్తు. మొదట అటకెక్కి ఆవకాయ జాడీల పక్కన పడుకున్నారు. మర్నాడు పెంకుటింటి కప్పెక్కారు. పేరయ్య అటు దొర్లితే నాలుగు పెంకులు, ఇటు దొర్లితే నాలుగు. తెల్లారేసరికి ముగ్గురూ మళ్ళీ అటక మీదే ఉన్నారు. ఎక్కాల్సినవాళ్ళం జారిపోయామే, ఇంక నన్ను కొండకిందే వదిలేస్తారని మంగతాయారు ఏడుపందుకుంది. పేరయ్య ఆ ఏడుపు చూడలేకపోయాడు. ఊళ్ళో అన్నిటికన్నా ఎత్తయినదాన్నే ఎక్కేద్దామన్నాడు. అదేమిటంటారా? మంచినీళ్ళ ట్యాంకు.

బస్సు బయల్దేరే రోజు పొద్దున్నే చాపలు చంకన పెట్టుకుని ఇనప నిచ్చెన పట్టారు. మంగతాయారు కళ్ళు గట్టిగా మూసుకుని, దేవుణ్ణి తలుచుకుంటూ ఎక్కింది. పైకి చేరాక తెరిచి చూసింది. పైకప్పు వెయ్యకుండా వదిలేసిన ట్యాంకది. నిండా నీళ్ళు. నీళ్ళ నిండా ఆకాశం, తెల్లటి మబ్బులు. చుట్టుపక్కల నరమానవుడు లేడు.

ఆవిడకి కళ్ళు చెమ్మగిల్లాయి. "ఏవండీ, వచ్చేశాం" అంది.

బస్సెక్కకుండానే వచ్చేశామే అని చిట్టెబ్బాయి నోరెళ్ళబెట్టాడు. బుర్రంటే అదిరా అని పేరయ్య మీసం దువ్వాడు.

ఈలోగా కింద ఊరంతా పోగయింది. వీళ్ళకోసం వచ్చిన గవర్రాజు గుండెలు బాదుకుంటూ, "దిగండమ్మా, దిగండి" అని అరిచాడు. ఊరంతా అందుకుని దిగండి, దిగండి అని ఒకటే గోల.

ఎంత మంచి మనుషులు, దగ్గరుండి మరీ దిగమంటున్నారని మంగతాయారు పొంగిపోయింది. చెరువుదాకా వచ్చి దిగకుండా ఎవరు పోతారు? అంతే. కుచ్చిళ్ళు దోపుకుంది, గంగమ్మతల్లికి దణ్ణం పెట్టుకుంది, మొగుణ్ణో చేత్తో తమ్ముణ్ణో చేత్తో పట్టుకుని బుడుంగున నీళ్ళలోకి దిగింది.

మునిగి లేచి, గోడ పట్టుకుని తల బయటపెట్టి, ఊరందరికీ వినపడేలా కేకేసింది.

"గవర్రాజు గారూ, నాకు తల తిరగలేదండీ! మీరూ దిగండి, పీకలోతే ఉంది."