చుక్క కారని కప్పు

ఉదయభేరి బుర్రకథ దళంలో ఉన్నది నలుగురే. కానీ ఆ నలుగురికీ తమ తెలివి మీద ఉన్న గౌరవం నలభై మందికి సరిపోతుంది.

"లోకం ఎందుకు చెడిపోయిందో తెలుసా?" అని దళనాయకుడు దాలినాయుడు ఊరూరా అడిగేవాడు. "జనం చెప్పేదొకటి, చేసేదొకటి. మన దగ్గర ఆ పప్పులుడకవు. మాటంటే మాటే. నినాదం గోడ మీద రాసుకోడానికి కాదు, పొద్దున లేచి చెయ్యడానికి."

ఆ మాట విన్నప్పుడల్లా వరహాలుకి ఒళ్ళు పులకరించేది. దాలినాయుడు ఆమెకి చిన్నాన్న. ఆయన భార్య సన్యాసమ్మ, సన్యాసమ్మ తమ్ముడు ఎర్రయ్య చెరో గుమ్మెట వాయిస్తూ వంత పాడతారు. ఇన్నాళ్ళూ కథ చెప్పింది చిన్నాన్నే. ఈ శనివారం సాయంత్రం మాత్రం, గెడ్డపేట మత్స్యకారుల సంఘం సభలో, మొట్టమొదటిసారి వరహాలు చెప్పబోతోంది. తంబురా భుజాన వేసుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, సముద్రం ఎవరిదో ఆ పూట తేల్చేయబోతోంది.

సంఘం పెద్ద మాత్రం ఒక మెలిక పెట్టాడు. "పోయినసారి మీ గుమ్మెటలు చెమ్మపట్టి చప్పుడే రాలేదు. ఈసారి కూడా మూగపోయాయంటే కథ మధ్యలోనే ఆపించి రికార్డు డాన్సు పెట్టించేస్తాను," అన్నాడు.

గుమ్మెట మూతికి కట్టిన తోలు తడిసిందా, సడలిపోతుంది. గుమ్మని మోగాల్సింది తుస్సుమంటుంది. అందుకని వరహాలుకి తిండీ నిద్రా లేవు. ఒకటే ధ్యాస. శనివారం దాకా గుమ్మెటల మీద చుక్క నీరు పడకూడదు.

కానీ వాళ్ళ ఇల్లూ, వంటిల్లూ, సామాన్ల గదీ అన్నీ ఒక ముసలి వ్యానే. ఒకప్పుడు పల్లెలు తిరిగిన ఆసుపత్రి వ్యాను అది. లోపల మనిషి నిలబడేందుకు వీలుగా పైన ఎత్తయిన ఫైబర్ కప్పు బిగించారు. ఎండలకీ ఉప్పుగాలికీ ఆ కప్పు పాలిపోయింది. ముట్టుకుంటే సుద్దపొడి రాలుతుంది. వెంట్రుకంత సన్నని పగుళ్ళు ఒళ్ళంతా పాకాయి.

గురువారం పొద్దున్నే వాన. సరిగ్గా వరహాలు పడక మీద కారడం మొదలెట్టింది. ఆమె గుమ్మెటలు రెండూ పొట్టకి హత్తుకుని మూలకి జరిగింది.

"పిన్నీ, నా మీదే కారుతోంది."

"నీ ఒక్కదాని మీదేనా?" సన్యాసమ్మ లేచి కూర్చుంది. "ఇది ఎంత అన్యాయం. కష్టం ఒక్కరి నెత్తినే పడితే దోపిడీ. అందరం పంచుకుంటే సమానత్వం. ఏమయ్యా, నువ్వే కదా మొన్న సభలో చెప్పావు?"

"చెప్పాను," అన్నాడు దాలినాయుడు. "చెప్పానంటే చేస్తాను."

అంతే. డ్రిల్లు తీశాడు. తన పడక పైన ఒక చిల్లు, సన్యాసమ్మ పడక పైన ఒకటి, ఎర్రయ్య పడక పైన ఒకటి పొడిచాడు. ఇంకేముంది, నాలుగు చోట్లా ధారలు కట్టాయి. నలుగురూ తడుస్తూ కూర్చున్నారు, ముఖాలు మాత్రం వెలిగిపోతున్నాయి.

"వరాలూ, నీ వాటా ఇప్పుడు పావుకి తగ్గి ఉండాలే?"

"లేదు చిన్నాన్నా. ఇందాకట్లాగే ఉంది."

"ఓపిక పట్టాలమ్మా. ఇన్నాళ్ళ అన్యాయం ఒక్క పూటలో పోతుందా?"

వాన వెలిసింది గానీ అన్యాయం పోలేదు. పరుపులు పిండితే బకెట్లు నిండాయి. ఇక లాభం లేదని, రేవు దగ్గర పడవలకి ఫైబర్ సామాను అమ్మే కొట్టుకి వెళ్ళారు. కొట్టాయన చేతిలో ఫోను, ఎదురుగా అరడజను మంది గిరాకీలు. ఆ హడావుడిలోనే గడగడా చెప్పాడు.

"పాత ఫైబరే కదా? శుభ్రంగా కడిగి ఆరబెట్టండి. గరుకు కాగితంతో పాత పొర పోయేదాకా రుద్దండి. చిల్లుల మీద ఫైబర్ గుడ్డ పరిచి రెసిన్ జిగురు పట్టించండి. గట్టిపడేదాకా చుక్క నీరు తగలకూడదు. అక్కడ పడవలకి ఎలా చేస్తున్నారో చూసి అలాగే చెయ్యండి. ఆఖర్న నీళ్ళు పోసి చూసుకోండి. కారలేదా, మీ పని అయినట్టే."

బుర్రకథ వాళ్ళు ఏది నేర్చుకున్నా ఒకటే పద్ధతి. దాలినాయుడు ఒక్కో మాటా రాగం తీసి పాడాడు. తక్కిన ముగ్గురూ 'తందాన తాన' అని అందుకున్నారు. గరుకు కాగితం తందాన తాన, చుక్క నీరు తందాన తాన. గిరాకీలు బేరం మానేసి చూశారు. కొట్టాయన ఫోను చెవికి పెట్టుకోవడం కూడా మర్చిపోయాడు.

శుక్రవారం తెల్లారగానే కప్పు కడిగారు. ఎండ బాగానే కాసింది, ఆరింది. ఎర్రయ్య పైకెక్కి రుద్దడం మొదలెట్టాడు. పాత పొర పోయింది. దాని కింద ఇంకో పొర కనబడింది. అదీ పాతదే. రుద్దాడు. దాని కిందా పాతదే. పాతదాన్ని సగంలో వదిలేసేవాడు విప్లవకారుడు ఎలా అవుతాడని పట్టుదలగా రుద్దాడు.

లోపల కూర్చున్న వరహాలు మీద పొడితోపాటే ఎండ కూడా పడింది. తలెత్తి చూసింది.

"మావా, నువ్వు కనిపిస్తున్నావు."

"పాతదంతా పోయింది కోడలా," అన్నాడు ఎర్రయ్య, వంటపళ్ళెమంత కంతలోంచి తొంగిచూస్తూ. "కొత్తది మాత్రం ఇంకా రాలేదు."

"వస్తుంది," అన్నాడు దాలినాయుడు కింద నుంచి. "పాతది పోయాక రాక చస్తుందా?"

ఈలోగా సన్యాసమ్మకి కొత్త బెంగ పట్టుకుంది. చుక్క నీరు తగలకూడదన్నాడు కదా, మరి చెమటో? చెమటా నీళ్ళే. అంతే, తను కూడా పైకెక్కి తమ్ముడికి విసనకర్రతో విసరసాగింది. విసిరీ విసిరీ ఆవిడకి చెమట పట్టింది. ఆవిడకి విసరడానికి దాలినాయుడు ఎక్కాడు. ముసలి కప్పు మూలిగింది. ఆయనకి చెమట పట్టేలోగా, అదృష్టం బాగుండి, అందరికీ ఆకలేసి దిగొచ్చారు. ఆ పూట ఉల్లిపాయలు తరిగితే కళ్ళనీళ్ళొస్తాయని పులుసు ఉల్లి లేకుండానే కాచారు.

అన్నాలు తిని, పడవలకి ఎలా చేస్తున్నారో చూద్దామని రేవుకి నడిచారు. ఒడ్డున జాలర్లు పడవని బోర్లా తిరగేసి అడుగుకి అతుకు వేస్తున్నారు. వరహాలే ముందు కనిపెట్టింది.

"చిన్నాన్నా, బోర్లా వేస్తే గానీ అతుకు పడదన్నమాట."

దాలినాయుడు ఆమె తల నిమిరాడు. "అందుకే కథ నీ చేతిలో పెట్టాను."

ఇంకేముంది. సమష్టి శక్తి ముందు ఏదీ నిలవదని ఇసుకలో నిలబడి ఒక ఉపన్యాసం ఇచ్చేసరికి, పాపం జాలర్లు మోకులతో సహా వచ్చేశారు. వాళ్ళల్లో గరికిన బంగారి అనే ముసలాయనకి మాత్రం ఏదో అనుమానం వచ్చింది.

"ఏటి బాబూ, కన్నం కప్పుకి కదా?"

"కప్పుకే."

"మరి తిరగేస్తే కప్పు కిందకెళ్ళిపోద్ది కదా."

"తాతా, పీడితుడు కిందా పాలకుడు పైనా ఉన్న ఈ వ్యవస్థని మనం తలకిందులు చేస్తున్నాం," అన్నాడు దాలినాయుడు. బంగారి తాత మోకు పట్టుకుని లాగాడు.

వ్యాను మెత్తటి ఇసుకలో వెల్లకిలా పడింది. చక్రాలు ఆకాశం వైపు చూస్తున్నాయి. లోపలికి దూరి చూస్తే ఎంత సుఖమో. కప్పు కాస్తా నేలయింది. నిచ్చెనా అక్కర్లేదు, పడతామన్న భయమూ లేదు. హాయిగా బాసింపట్టు వేసుక్కూర్చుని చిల్లుల మీద ఫైబర్ గుడ్డ పరిచి, గట్టిపడే మందు కలిపిన రెసిన్ డబ్బా అంతా కుమ్మరించారు. అతుకులు బ్రహ్మాండంగా కుదిరాయి. దాలినాయుడి చెప్పులు కూడా వాటితోపాటే కుదిరిపోయాయి. ఆయన కాళ్ళు ఊడబెరుక్కుని బయటికొచ్చి, "ఆస్తి మీద నాకెప్పుడూ మమకారం లేదు," అన్నాడు.

ఇంత జరుగుతున్నా వరహాలు గుమ్మెటలని కింద పెట్టలేదు. ఒకటి కుడి చంకన, ఒకటి ఎడమ చంకన. వాటి మీద పొడి గుడ్డ, ఆ గుడ్డ మీద తన పైటచెంగు. జాలరి ఆడవాళ్ళు కవల పిల్లలేమో అనుకుని పేర్లడిగారు.

శనివారం మధ్యాహ్నానికి రెసిన్ రాయిలా బిగిసింది. ఇక మిగిలింది ఆఖరి మాట. నీళ్ళు పోసి చూసుకోవాలి.

"కప్పు మీద కదా పొయ్యాలి?" అంది సన్యాసమ్మ.

"కప్పు మీదే. కప్పెక్కడుంది?" అన్నాడు దాలినాయుడు.

"కింద."

"అయితే లోపల పొయ్యండి."

అంతే. బోరింగు నుంచి బిందెలు కదిలాయి. నలుగురూ వరస కట్టి, పాట పాడుతూ, ఒకరి చేతినుంచి ఒకరు అందుకుంటూ లోపల పోశారు. గుమ్మెటలు ఎక్కడ తడుస్తాయోనని వరహాలు ఒంటి చేత్తోనే అందించింది. నీళ్ళు చీలమండ దాటాయి, పిక్క దాటాయి, తలుపు అంచుకి జానెడు కిందుగా మోకాలి దాకా వచ్చాయి. ఎర్రయ్య బయట ఇసుక మీద బోర్లా పడుకుని, వ్యాను చుట్టూ పాకుతూ తడిమి చూశాడు. ఇసుక పొడిగా ఉంది.

"బావా, చుక్క లేదు."

"సరిగ్గా చూశావా?"

"ముక్కు పెట్టి మరీ చూశాను."

దాలినాయుడి కళ్ళు చెమర్చాయి. వరహాలు పొట్టకి హత్తుకున్న గుమ్మెటని మెల్లగా ఒక్క వేలితో తట్టింది. గుమ్మంది. ఆ చప్పుడికి ఆమె గుండె ఊరట పడింది.

బంగారి తాత ఆగలేక అడిగేశాడు. "ఆ నీళ్ళు తోడేయరేటి?"

"తోడేస్తే రుజువు పోతుంది తాతా," అన్నాడు దాలినాయుడు. "సభ అయ్యాక మీ సంఘం పెద్దకి చూపించాలి. మేం మాటలు చెప్పే రకం కాదని తెలియాలి ఆయనకి."

సాయంత్రం సభ కూడింది. ఇసుక మీద చాపలేసి ఊరంతా కూర్చుంది. సంఘం పెద్ద ముందు వరసలో కుర్చీ వేయించుకున్నాడు. పక్కనే రికార్డు డాన్సు కుర్రాళ్ళు రంగు కళ్ళద్దాలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. వరహాలు తంబురా భుజానికెత్తి, కాలి గజ్జె ఒక్కసారి ఘల్లుమనిపించింది. సన్యాసమ్మ, ఎర్రయ్య గుమ్మెటలు అందుకున్నారు. మొదటి దెబ్బ పడింది. మోత సముద్రం దాకా వెళ్ళి తిరిగొచ్చింది.

సంఘం పెద్ద తల ఊపాడు. వరహాలు జన్మ ధన్యమైంది.

"వినరా సోదరా," అని ఆమె ఎత్తుకుందో లేదో, ముక్కు మీద చల్లగా ఏదో పడింది. తలెత్తి చూసింది. తూర్పున మబ్బు నల్లగా లేచి మీదికొచ్చేస్తోంది. ఇంకో చుక్క. ఇంకోటి. జనం చాపలు నెత్తిన పెట్టుకుని లేస్తున్నారు.

"వాన, వాన. గుమ్మెటలు జాగ్రత్త," అని సంఘం పెద్దే కేకేశాడు. "ఇది పది నిమిషాల జల్లు. వెలిశాక మొదలెడదాం. వాటినెక్కడైనా నీళ్ళు తగలని చోట పెట్టండి."

నీళ్ళు తగలని చోటు. ఈ తీరం మొత్తం మీద చుక్క కారదని కళ్ళారా చూసుకున్న చోటు ఒక్కటే ఉంది. వరహాలు రెండు గుమ్మెటలూ లాక్కుని పైటచెంగు కప్పి, పరుగు పరుగున వ్యాను దగ్గరికెళ్ళింది. తలుపు జరిపింది. ఎక్కడా ఒరుసుకోకుండా, పసిపాపల్ని పడుకోబెట్టినట్టు, రెండింటినీ మోకాలిలోతు నీళ్ళలోకి మెల్లగా దించింది. అవి బుడబుడమని, మునిగి, అడుగున కుదురుగా కూర్చున్నాయి.

వెనకాలే రొప్పుతూ దాలినాయుడొచ్చాడు. "పెట్టావా?"

"పెట్టాను చిన్నాన్నా. ఇంక ఎంత వాన కొట్టినా ఫరవాలేదు."

"తలుపు గట్టిగా వెయ్యమ్మా," అన్నాడాయన, వానలో తడిసి ముద్దవుతూ. "లోపలికి జల్లు కొడితే మళ్ళీ చెమ్మ పట్టేస్తాయి."