వచ్చినవాళ్ళ కుర్చీ

భీమశంకరం గారు భోజనం చేస్తుంటే చూడాలి. కలిపిన అన్నం ఆయన వేళ్ళ రెండో కణుపు దాటి పైకి రాదు. చారన్నమైనా సరే, ముద్ద నోటికి చేరేలోగా ఒక్క మెతుకు జారదు. ఆయన లేచాక విస్తరి చూస్తే, ఇందులో ఎవరైనా తిన్నారా అని అనుమానం వచ్చేది. రామచంద్రపురం చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో తల్లులు పిల్లలకి ఆయన్ని చూపించి, "అదిగో, ఆ తాతగారిలా తినాలి" అనేవారు. ఇళ్ళు కట్టించడంలో ఆ ప్రాంతంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. ఆ పేరు మీద ఆయనకి పిసరంత గర్వం కూడా లేదు గాని, ఈ శుభ్రం మీద మాత్రం కాస్త ఉండేది. ఎవరైనా మెచ్చుకుంటే కాదనేవారు కాదు, మీసం చాటున నవ్వుకునేవారు. ఈ సంగతి తెలియనిదే తర్వాత జరిగినది తెలియదు గనక ముందే చెబుతున్నాను.

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న మా అందరిలో ఉదయచంద్ర చేతిలో కళ ఉన్నవాడు. ఒకరోజు అతను అడిగాడు. "గురువుగారూ, పని పూర్తయిందని దేన్నిబట్టి తెలుస్తుందండీ?"

భీమశంకరం గారికి ప్రశ్నకి వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. "ఇప్పుడు నీ చేతిలో ఏం పని ఉంది?" అన్నారు.

"వెంకాయమ్మ గారి పెరడండీ. అయిపోయింది."

"అయిపోతే ఈ ప్రశ్న ఎందుకొచ్చింది?"

ఉదయచంద్ర జరిగింది చెప్పడం మొదలుపెట్టాడు. ఆ పెరటి గొడవేమిటో నాకు తెలుసు.

వెంకాయమ్మ గారు పొద్దస్తమానం పెరట్లోనే గడిపిన మనిషి. నేల మీద పీట వేసుకుని కూరలు తరిగేవారు, చింతపండు పిక్కలు తీసేవారు, మధ్యమధ్య కాకులతో పోట్లాడేవారు. మోకాలికి ఆపరేషన్ అయ్యాక ఇక నేల మీద కూర్చోకూడదన్నారు. కానీ నడవాలి, కుర్చీలో కూర్చోవాలి, లేవాలి. లేకపోతే మోకాలు బిగుసుకుపోతుందనీ, ఆ తర్వాత తామేం చేయలేమనీ డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆవిడ మాత్రం నడిమిగదిలో మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టారు. కోడలు హైమవతికి భయం పట్టుకుంది. అత్తగారు మళ్ళీ గాలీ వెలుతురూ చూడాలని, పెరడు బాగుచేయించడానికి ఉదయచంద్రని పిలిచింది.

అతను చేసిన పనికి చేతులెత్తి దణ్ణం పెట్టవచ్చు. వంటింటి గడప తీసేసి కాలు తట్టుకోకుండా నేలంతా ఒకే మట్టానికి తెచ్చాడు. తడిసినా జారని గరుకు బండలు పరిపించాడు. గుమ్మం నుంచి ఆ చివర మల్లెపందిరి దాకా, పట్టుకు నడవడానికి నున్నటి చెక్క కమ్మీ వేశాడు. కొబ్బరిచెట్టు కొట్టమన్నవాళ్ళని కేకలేసి, దాని చుట్టూనే ఆ మల్లెపందిరి అల్లించాడు. పందిరి కింద టేకు కుర్చీలు, వాటిలో తెల్లటి దూదిమెత్తలు. ఒక కుర్చీని వెంకాయమ్మ గారి మోకాలి ఎత్తుకి సరిపోయేలా ప్రత్యేకంగా చేయించాడు. చేతులానించి లేస్తే ఒంటికి లేచినట్టే తెలియదు. నేను కూర్చుని చూశాను. లేవబుద్ధి కాలేదు.

అన్నీ చూసి వెంకాయమ్మ గారు చాలా మెచ్చుకున్నారు. మర్నాడు కుర్చీలన్నిటికీ పాత చీరలు కప్పించేశారు.

"మీకోసమే కదండీ అత్తయ్యగారూ చేయించింది!" అంది హైమవతి.

"ఇంత తెల్లటివి మనకెందుకే? మాసిపోతే మళ్ళీ వస్తాయా? వచ్చినవాళ్ళకి ఉండనీ" అన్నారావిడ.

మన ఇళ్ళలో ఈ వచ్చినవాళ్ళొకరుంటారు. మంచి గ్లాసులు వాళ్ళవి, అంచు విరగని పళ్ళేలు వాళ్ళవి, కొత్త దుప్పట్లు వాళ్ళవి. వాళ్ళు ఎప్పుడో గాని రారు. వచ్చినా కాసేపు కూర్చుని వెళ్ళిపోతారు. ఇంట్లోవాళ్ళు మాత్రం వాళ్ళ సొత్తుని కంటికి రెప్పలా కాపాడుతూ బతుకుతారు. వెంకాయమ్మ గారు రోజూ వంటింటి గుమ్మం దాకా వచ్చి, చీరల కింద కుర్చీలు క్షేమంగా ఉన్నాయో లేదో చూసుకుని, మళ్ళీ మంచం ఎక్కేవారు. హైమవతికి తలప్రాణం తోకకొచ్చింది. ఉదయచంద్ర పెరడు ఇంకా బాగుంటే వస్తారేమోనని ఇత్తడి దీపాలు వేలాడదీశాడు, పూలకుండీలు తెచ్చి పెట్టాడు. అందం పెరిగినకొద్దీ ఆవిడ గుమ్మం దాకా రావడం కూడా తగ్గించారు.

ఇదంతా విని భీమశంకరం గారు, "వాళ్ళింట్లో కొత్తావకాయ కలిపారా?" అని అడిగారు.

కలిపారని చెప్పాడు ఉదయచంద్ర.

"అయితే రేపు భోజనానికి వస్తున్నామని చెప్పు."

మర్నాడు మేం ముగ్గురం వెళ్ళాం. వచ్చినవాళ్ళు వచ్చారు గనక చీరలు తీసేశారు. కుర్చీలు మల్లెపూల్లా ఉన్నాయి. వెంకాయమ్మ గారు గుమ్మంలో ద్వారబంధం పట్టుకుని నిలబడి, దాచినందుకు ఫలితం దక్కిందన్న సంతోషంతో మమ్మల్ని కూర్చోమన్నారు. భీమశంకరం గారు వెళ్ళి సరిగ్గా ఆవిడ కోసం చేయించిన ఎత్తు కుర్చీలో కూర్చున్నారు. బల్ల దగ్గరికి జరుపుతామంటే వద్దని, కంచం చేత్తో పట్టుకున్నారు. వేడన్నంలో కొత్తావకాయ, మీద గరిటెడు నూనె. ఎర్రగా కలిపి ఒక ముద్ద తిని, "అమ్మా, ఈ చెయ్యి మీదేనా?" అని అడిగారు.

"మంచం మీంచి చెబుతుంటే మా కోడలు కలిపిందండీ" అన్నారావిడ గుమ్మంలోంచే.

రెండో ముద్ద ఆయన చేతిలోంచి జారింది. కుర్చీ చేతి మీద పడి, అక్కణ్ణించి తెల్లటి మెత్త మీదికి దొర్లింది. ఆయన గాభరాగా లేచి అరచేత్తో తుడిచారు. తుడవడమంటే పులమడమే. చింతాకంత మరక చేటంత అయింది. హైమవతి కొయ్యబారిపోయింది. నేనూ ఉదయచంద్రా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"అయ్యయ్యో, రుద్దకండి! అలా రుద్దితే ఇంకా పట్టేస్తుంది!" అంటూ వెంకాయమ్మ గారు ద్వారబంధం వదిలేశారు. కమ్మీ పట్టుకుని, నొప్పి సంగతి మరిచిపోయి, గుమ్మం నుంచి మల్లెపందిరి దాకా నడిచి వచ్చేశారు. కొంగుతో మరక అద్ది చూశారు. నూనె పీల్చుకున్న దూది, పసుపూ కారం కలిసిన ఎరుపు. ఇక పోయేది కాదు. అంత దూరం నడిచేసరికి ఆవిడకి ఆయాసం వచ్చింది. కూర్చోవాలి. పక్కనున్న తెల్ల కుర్చీల వంక చూశారు, ఈ కుర్చీ వంక చూశారు.

"ఇంక దీన్ని వచ్చినవాళ్ళకి ఏం వేస్తాం? మా మొహానికే ఉంటుంది" అని అందులో కూర్చున్నారు.

కొబ్బరాకుల గాలి వీస్తోంది. ఆవిడ వెనక్కి ఆనుకున్నారు. చేతులు కుర్చీ చేతుల మీద వాటంతటవే చేరాయి. పందిరి మీద కాకి వాలితే "హుష్" అన్నారు. కాస్సేపాగి, "హైమా, ఆ మునగాకు ఇటు పట్రా. ఊరికే కూర్చోవడమెందుకు, దూసేస్తాను" అన్నారు. హైమవతి మునగాకు తేవడానికి లోపలికి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

భీమశంకరం గారు పంపు దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. ఆయన చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ముద్ద కావాలని జారవిడిచి ఉండవచ్చు గాని, ఆ సిగ్గు మాత్రం నిజమైనది. ఆ చెవులు చూశాక ఆయన మీద నాకున్న గౌరవం రెట్టింపైంది.

వానాకాలం వచ్చేసరికి వెంకాయమ్మ గారు కమ్మీ పట్టుకోకుండా నడుస్తున్నారు. పొద్దున్నా సాయంత్రం ఆ కుర్చీలోనే. ఉదయచంద్ర మెత్తకి కొత్త గుడ్డ కుట్టించుకు వెళితే, "నా కుర్చీ జోలికి రాకు అబ్బాయ్" అని కసిరారట. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ మరక చూపించి, "మా ఇంట భీమశంకరం గారి నిర్వాకం! అంత పేరున్న మనిషి, ముద్ద తినడం చేతకాదు!" అని నవ్వేవారట. ఆ కబురు ఊరు దాటిపోయింది.

శ్రావణంలో ఒక పెళ్ళిలో మేం ముగ్గురం ఒకే పంక్తిలో కూర్చున్నాం. వడ్డించే అతను భీమశంకరం గారి విస్తరి పక్కన మరో ఆకు పరిచి, "పడితే దీంట్లో పడుతుందిలెండి" అని మర్యాదగా అన్నాడు. ఎదురుగా ఒక తల్లి పిల్లవాడి చెవిలో, "ఆ తాతగారిలా ఒలకబోసుకోకు" అంది. ఆయన వేళ్ళు ఎప్పటిలాగే రెండో కణుపు దాటి తడవలేదు. ఎవరూ చూడలేదు.

ఉదయచంద్రకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇంక నావల్ల కాదండీ. మీరు కావాలనే చేశారని వెంకాయమ్మ గారికి ఇవాళే వెళ్ళి చెప్పేస్తాను" అన్నాడు.

భీమశంకరం గారు ముద్ద తిని, విస్తరి మడిచారు.

"చెప్పకు. చెప్పావంటే పని మళ్ళీ మొదటికొస్తుంది."