పేలాల పోలమ్మ బుధవారము

అనగా అనగా, తాటాకు మీద గంటము కదలిన నాటి మాట. ఏటి యొడ్డున శారదాపురమను పట్టణము ఉండెను. ఆ పట్టణమున ఒక పెద్ద విద్యాపీఠము ఉండెను. చదువు గోరినవాడు ఏ కొండ కావల నుండియైనను అక్కడికే వచ్చును. గురువులు చదువునకు చిల్లిగవ్వ పుచ్చుకొనరు. పండుకొనుటకు చావడి కలదు. కట్టుకొనుటకు ఏటేట ఒక పంచె ఇత్తురు. కూడు మాత్రము ఎవరి పాట్లు వారివి.

కలవారి బిడ్డలకు ఇంటినుండి బియ్యము బండ్ల మీద వచ్చును. లేనివారి బిడ్డలు వారములు చేసికొందురు. వారములనగా ఏమి? ఆదివారము ఒక యింట భోజనము, సోమవారము మరియొక యింట. ఇట్లు ఏడు దినములకు ఏడు గడపలు. ఏడు గడపలు దొరకినవాడు చదువు ముగించి శాలువ కప్పుకొని ఇంటికి పోవును. ఆరు దొరకి ఏడవది దొరకనివాడు మూట కట్టుకొని పోవును. "ఆకలి కడుపునకు పాఠము చెప్పుట పాపము" అని పెద్దల కట్టడి.

ఆ పట్టణమున మరియొక కట్టడి కలదు. వారము విద్యార్థియే అడుగవలెను. ఇల్లు తానై పిలువరాదు. పిలిచి పెట్టినది బిచ్చము, అడిగి తిన్నది వారము. ఇది వారి లెక్క.

అట్టి పట్టణమునకు యజ్ఞన్న యనువాడు ఒక గొంగళి భుజాన వేసికొని వచ్చెను. వానికి తండ్రి లేడు. తల్లి ఊరివారి వడ్లు దంచి బ్రతుకుచుండెను. పట్టణమంతయు మనుష్యులే; వానికి మాత్రము మనిషి లేడు. అడుగగా అడుగగా ఆరు గడపలు దొరకెను. బుధవారము మిగిలెను.

వాడు బుధవారము కొఱకు దివాణము వారి యింటికి పోయెను. "అమ్మా, వారం ఇస్తారా?" అని అడిగెను. ఆ యిల్లాలు ఊయల దిగకయే వానిని ఎగాదిగా చూచెను.

"నీకు నిజంగా లేదని నమ్మకమేమిటి? మీ ఊళ్ళో మీకు పొలం లేదని చెప్పడానికి సాక్షులెవరైనా ఉన్నారా?"

సాక్షులెవరు? దంచుచున్న తల్లియే సాక్షి. వాడు మెట్లు దిగెను.

తరువాత వర్తకుని యింటికి పోయెను. "అమ్మా, వారం ఇస్తారా?" అని అడిగెను. "మొన్న వచ్చినవాడికి ఇచ్చేశాం నాయనా. వాడు నీకంటే బక్కగా ఉన్నాడు" అని తలుపు వేసిరి.

తరువాత పురోహితుని యింటికి పోయెను. "అమ్మా, వారం ఇస్తారా?" అని అడుగబోవునంతలో అరుగు మీది వారు నవ్విరి. "ఏదీ, ఒక శ్లోకం చదువు!" అనిరి. ఆకలిమీద వానికి రెండవ పాదము తట్టలేదు. "తిండికి తిమ్మరాజు, చదువుకు పోతురాజు!" అని అరుగంతయు గొల్లుమనెను.

ఆ దినమున యజ్ఞన్న ఒట్టు పెట్టుకొనెను. "ఇక ఏ గడపనూ అడుగను."

అది మొదలు ప్రతి బుధవారము మధ్యాహ్నము, తోడివారు తమతమ యిండ్లకు పోవునప్పుడు, వాడును కండువ సవరించుకొని బయలుదేరును. ఏటి యొడ్డునకు పోవును. అక్కడ ఒక బండ మీద పొద్దు గడుపును. పిమ్మట కుడిచేయి ఏటిలో ముంచి, తడి చేతితో చావడికి తిరిగి వచ్చును. తడి చేయి చూచినవాడు తిన్నాడనుకొనును. అంతకంటె ఎవడు పరీక్షించును?

ఆ బండ ప్రక్కనే ఒక పాక ఉండెను. ఆ పాకలో పేలాల పోలమ్మ ఉండెను. మొగుడు లేడు, బిడ్డలు లేరు. ఉన్నది ఒక పొయ్యి, ఒక మంగలము, దానిలో ఇసుక. మంగలమనగా పేలాలు వేయించు మట్టిపాత్ర. ఇసుక కాగిన పిమ్మట ధాన్యము పోసి పుల్లలతో కదపును. గింజలు టపటప పేలును. అవి జల్లించి బుట్టకెత్తి వీధుల వెంట అమ్ముకొనును. నీట నుడికిన అన్నమునకు ఇంటింట అడ్డుగోడలు ఉండెను గాని, నిప్పున పేలిన గింజకు ఆ పట్టణమున ఏ అడ్డును లేదు. ఎవరు వేయించినను అందరును తినవచ్చును.

పోలమ్మ ఆ తడి చేతిని చూచెను. ఆకలి యెరిగినది గనుక ఆమె ఆ తడిని నమ్మలేదు. కాని పిలువరాదు. కట్టడి కట్టడియే.

మొదటి బుధవారము ఆమె బండ మీద దోసెడు పేలాలు పోసి, అటు తిరిగి, "కాకులకు వేశాను" అని తనలో తాను అనుకొన్నట్లు అనెను. యజ్ఞన్న ముట్టలేదు. కాకులు తినెను.

రెండవ బుధవారము పేలాలు ఆకులో పోసి, "ఎవరో మరచిపోయి వెళ్ళినట్టున్నారు" అనెను. యజ్ఞన్న ముట్టలేదు. ఆవు వచ్చి తినెను.

మూడవ బుధవారము ఆమె చేట చేతబట్టుకొని నేరుగా వాని యెదుటకు వచ్చెను.

"బాబూ, తమరు చదువుకున్నోరు. చిన్న పని చేసి పెడతారా? నా నాలుక చచ్చిపోయింది. ఉప్పు చాలిందో లేదో చూసి చెప్పండి."

ఉప్పు చూచుట బిచ్చము కాదు. అది పని. యజ్ఞన్న చిటికెడు నోట వేసికొనెను.

"చాలలేదు."

ఆమె ఉప్పునీళ్ళు చిలకరించి, మంగలములో మరల ఒక త్రిప్పు త్రిప్పి తెచ్చెను. "ఇప్పుడో?"

వాడు పిడికెడు నోట వేసికొనెను. "ఇంకా కొంచెం పడుతుంది."

"ఇప్పుడో బాబూ?"

వాడు దోసెడు తినెను. "ఇప్పుడు చాలింది పోలమ్మా."

"బతికించారు. వచ్చే బుధవారం కూడా కాస్త చూసి పెట్టండి. ఉప్పు తక్కువైతే నా పేలాలు ఎవరు కొంటారు?"

అట్లు బుధవారములు గడచెను. "ఉప్పు చాలిందా బాబూ?" అని ఆమె అడుగును. "ఇంకొంచెం చూసి చెబుతాను" అని వాడనును. ఒకనాడు వాడు కొంటెగా, "నీ నాలుక బాగయ్యే రోజు లేదా పోలమ్మా?" అనెను. "తమ చదువు అయిపోయే రోజు దాకా బాగవదు బాబూ" అని ఆమె నవ్వెను. వాడును నవ్వెను. శారదాపురమునకు వచ్చిన పిమ్మట వాడు నవ్వుట అదియే మొదలు.

ఏటేట దసరానాడు విద్యాపీఠమున 'పిలుపు' జరుగును. వారముల విద్యార్థి సభలో నిలువబడి తన యేడు గడపలను పేరుపేరున పిలువవలెను. పిలిచినప్పుడెల్ల ఆ యింటి యిల్లాలు లేచి, "ఔను, మా ఇంటి పిల్లవాడే" అని పలుకవలెను. ఏ గడప పలుకకున్నను వాని చదువు ఆగిపోవును.

పిలుపు దగ్గరపడిన ఒక బుధవారము పోలమ్మ చేట జాడించుచు అనెను: "ఏటా వెళ్తాను బాబూ. స్తంభం వెనకాల నిలబడతాను. ఆ అమ్మలందరూ 'మా ఇంటి పిల్లవాడే' అంటుంటే ఎంత బాగుంటుందో! నాకూ ఒక్కసారి అనాలని ఉంటుంది. అయినా నా పాకకు వారం అడగడానికి ఎవరు వస్తారులెండి."

యజ్ఞన్న లేచెను. చేయి తడుపుకొని పోయెను.

దసరా వచ్చెను. సభ నిండెను. యజ్ఞన్న నిలువబడి ఆరు గడపలను పిలిచెను. ఆరుగురు ఇల్లాండ్రును, "ఔను, మా ఇంటి పిల్లవాడే" అనిరి.

"బుధవారమో?" అని పెద్దగురువు అనంతభట్టు అడిగెను.

స్తంభము వెనుక నెరసిన తల ఒకటి వానికి కనబడెను. ఉతికిన చీర కట్టి, చేతులు జోడించి, పెదవులు కదపుచు ఆమె నిలిచియుండెను. ఒక్క పేరు పలికిన చాలును. కాని ముందు వరుసలో దివాణము వారు ఉండిరి, వర్తకులు ఉండిరి, నవ్విన అరుగంతయు ఉండెను. పేలాల పాక పేరు వాని గొంతు దాటి రాలేదు.

"బుధవారము నాకు ఉపవాసవ్రతము" అనెను.

"ఆహా!" అనెను సభ. దివాణము వారి యిల్లాలు కన్నులొత్తుకొని, "ఇంత నిష్ఠగల పిల్లవాణ్ణి ఆనాడు పొమ్మన్నానా! నాయనా, బుధవారం తప్ప ఏ రోజైనా మా ఇంటికి భోజనానికి రా" అనెను.

యజ్ఞన్న మరల స్తంభము వైపు చూచెను. అక్కడ ఎవరును లేరు.

పిల్లలారా, అబద్ధము ఇతరులను కట్టకముందు ఆడినవానినే కట్టును. వ్రతమని చెప్పినవాడు బుధవారము ఏటి యొడ్డున పేలాలు నములుట యెట్లు? తోడివారు వానిని చుట్టుముట్టి కూర్చుండిరి. "వ్రతం దాచడానికా ఇన్నాళ్ళూ ఆ తడి చెయ్యి! నీ మొహం చూస్తే మాకూ పుణ్యమేరా!" అని ఒకడు. "కదలకురా, నీరసం వస్తుంది" అని మరియొకడు. వాడు కిటికీ నుండి ఏటివైపు చూచుచుండెను. బుధవారము మధ్యాహ్నము ఆ పాక మీద పొగ లేచును. పొగ సన్నగిల్లును. ఆమె చేట పట్టుకొని బండ దగ్గరకు వచ్చి, కొంతసేపు నిలుచుండి, లోనికి పోవును.

ఒకసారి పోవలెనని బయలుదేరెను. తోడివారు వెంటబడగా వెనుకకు మరలెను. మరియొకసారి ఒంటరిగా ఏటిదారి సగము వరకు పోయెను. ఆమె మొగము తలచుకొని సిగ్గుతో వెనుకకు మరలెను. ఎండలు పోయెను. వానలు వచ్చెను. ఒక బుధవారము పాక మీద పొగ లేవలేదు.

అప్పుడు వాడు ఎవరినీ చూడక పరుగెత్తెను.

పాక ముందు వల బాగుచేసికొనుచు ఒక జాలరి కూర్చుండియుండెను. వాడు లేవలేదు.

"నిన్ననే మట్టి చేశాం బాబూ. నాలుగు రోజులు జ్వరం. నా అన్నవాళ్ళు లేరు గదా, మేమే మోశాం. ఆ పేలాల బుట్ట మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. బుధవారం బాబుదట. ఉప్పు పక్కన పొట్లం కట్టింది. తానే కలిపేస్తే తమరికి పనుండదట."

యజ్ఞన్న గడప ముందు నిలుచుండెను. ఏ గడపనూ అడుగనని ఒట్టు పెట్టుకొన్న నోటితో అడిగెను.

"అమ్మా, వారం ఇస్తావా?"

పాక పలుకలేదు.

"అమ్మా, వారం ఇస్తావా?"

ఏరు పారుచుండెను. జాలరి మొగము త్రిప్పుకొనెను.

"అమ్మా, వారం ఇస్తావా?"

పిమ్మట కూర్చుండి, ఉప్పు పొట్లము విప్పకయే, బుట్టలోని చప్పిడి పేలాలు ఒక పిడికెడు తినెను. "ఉప్పు చాలిందమ్మా" అనెను.

మరల దసరా వచ్చెను. మరల సభ నిండెను. యజ్ఞన్న ఆరు గడపలను పిలిచెను. ఆరు గడపలు పలికెను. వ్రతమును ఎరిగిన సభ వానిని కూర్చుండుమనెను. వాడు కూర్చుండలేదు.

"బుధవారము పేలాల పోలమ్మ ఇల్లు" అని పిలిచెను. "నాకు వ్రతము లేదు. అది అబద్ధము. నేను ఆ యింట తింటిని."

సభ గుసగుసలాడెను. అనంతభట్టు మూడుసార్లు అడిగెను. "పోలమ్మ ఇంటివారు ఉన్నారా? పోలమ్మ ఇంటివారు ఉన్నారా? పోలమ్మ ఇంటివారు ఎవరైనను ఉన్నారా?"

ఎవరు పలుకుదురు?

"నేనున్నాను" అనెను యజ్ఞన్న. "ఆ యింటివాడను నేనే."

గురువు ఇట్లనెను: "నాయనా, తన గడపను తానే పిలిచి తానే పలుకరాదు. విద్యార్థివైతే ఆ గడప పలుకలేదు, నీ చదువు ఆగును. ఇంటివాడవైతే నీవు వారముల విద్యార్థివి కావు, అప్పుడును నీ చదువు ఆగును. ఎట్లు పోదువో నీవే చెప్పుము."

"ఇంటివాడనై పోయెదను" అనెను యజ్ఞన్న.

అంతలో వెనుక వరుసలో చిక్కిన మొగముగల క్రొత్త విద్యార్థి ఒకడు లేచెను. వానికిని ఆరు గడపలే దొరకెను. వాడు "పోలమ్మ ఇంట బుధవారం ఇస్తారా?" అని అడిగెను.

"ఔను" అనెను యజ్ఞన్న. "మా ఇంటి పిల్లవాడే."

స్తంభము వెనుక చోటు ఖాళీగానే యుండెను. వాడు దాని వైపే చూచుచు ఆ మాట పలికెను.

అట్లు యజ్ఞన్న చదువు ఆగిపోయెను. వాడు తల్లిని పిలిపించుకొని ఆ పాకలోనే ఉండి పేలాలు వేయించి బ్రతికెను. శాలువ కప్పుకొనలేదు. పండితుడని ఎవరును పిలువలేదు. కాని ఆ దసరా నుండి అనంతభట్టు ఏటివైపు కిటికీ దగ్గర కూర్చుండి పాఠము చెప్పసాగెను. గొంతు కొంచెము పెంచెను. ఎందుకని ఎవరును అడుగలేదు.

గురువులు పోయిరి. విద్యాపీఠము పోయెను. ఏరు కూడ ఒడ్డు మార్చుకొనెను. బండ మాత్రము మిగిలెను. నేటికిని ఆ ప్రాంతమున బుధవారము పేలాలు వేయించువారు మొదటి దోసెడు ఉప్పు కలుపక ఆ బండ మీద పోయుదురు. నేటికిని అక్కడ ఆకలిగొన్న విద్యార్థిని "తిన్నావా?" అని అడుగరు. "నీకు నిజంగా లేదా?" అని అడుగరు. "సాక్షి ఎవరు?" అని అసలే అడుగరు. "కాస్త ఉప్పు చూసి చెప్పు నాయనా" అని ముందు కూర్చుండబెట్టుదురు. ఏ ధర్మాత్ముడైన పేదపిల్లల చదువునకు వేతనమిచ్చి, వారిని వేదిక ఎక్కించి పేరుపేరున పిలిచెనని విన్నచో, అక్కడి ముసలివారు ఒక్క మాట అందురు: "ఇచ్చాడు సరే, ఉప్పు చూడమన్నాడా?"

కథ కంచికి పోవును. మీరు మీ యిండ్లకు పొండు. దారిలో ఎవడైనను చేయి మాత్రము తడుపుకొని ఒంటరిగా వచ్చుచుండినచో, ఆ తడిని నమ్మకుడు.