కిటికీ సీటులో ఒక 'ఛ'

పాత పాటల మాట ఎవరెత్తినా ఎలీషాకు ఒళ్ళు మండేది.

ఇంట్లో పెట్టిన పేరు ఎలీషా, పోస్టర్ల మీద ఎలీ. కీబోర్డు, కంప్యూటరు తప్ప ఇంకో వాద్యం ముట్టుకోడు. తనే రాసుకుని, తనే పాడి, ఒక్కొక్క పాటనే విడిగా నెట్‌లో వదిలేవాడు. పదిహేనేళ్ళ కిందట అలా వదిలిన ఓ అరడజను పాటలు కాలర్ ట్యూన్లయి ఊరూరా తిరిగాయి. ఆ తరవాత అతను చాలా నేర్చుకున్నాడు, మంచి స్టూడియో పెట్టుకున్నాడు. ఇప్పటి పాటల్లో తప్పు పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. అయినా జనం అడిగేది ఆ పాతవాటినే.

అన్నింటిలోకీ అతని ప్రాణం తీసింది 'కిటికీ సీటు'. సామర్లకోట స్టేషన్లో రైలు ఆగితే కిటికీ పక్కన కూర్చున్న కుర్రాడు పాడుకునే పాట అది. రెండో చరణం ముందు దరువు ఠక్కున ఆగిపోతుంది. ఏమీ వినపడదు. ఆ నిశ్శబ్దంలో ఎలీషా గొంతు విసుగ్గా 'ఛ' అంటుంది. వెంటనే దరువు మళ్ళీ మొదలై రెండో చరణం వస్తుంది.

జరిగింది చాలా చిన్న సంగతి. ముషీరాబాదులో అద్దె గదిలో పాడుతుంటే కంప్యూటరులో దరువు ఆగింది, మైకు మాత్రం ఆగలేదు. అతను విసుక్కున్నది పాటలో పడిపోయింది. తరవాత ఆ ముక్క కోసేసి శుభ్రంగా ఇంకో ఫైలు చేశాడు. నిద్రకళ్ళతో నెట్‌లోకి ఎక్కించింది మాత్రం మొదటిదాన్ని. తప్పు తెలిసేసరికే పాట అతని చేయి దాటిపోయింది.

ఆ పాటల అభిమానులు ఏటా ఒక ఊళ్ళో కలుసుకుంటారు. పాతవన్నీ వరసగా పెట్టుకుని వింటారు, ఏ పాట ఎప్పుడు ఎక్కడ మొదటిసారి విన్నారో చెప్పుకుంటారు. 'కిటికీ సీటు' రాగానే అందరూ కాచుకుని కూర్చుంటారు. ఆ చోటు రాగానే హాలంతా ఒక్క గొంతుతో 'ఛ' అంటుంది. పోయినేడాది అందరూ టీషర్టులు కుట్టించుకున్నారు. వాటి మీద బొమ్మా లేదు, పేరూ లేదు. గుండెల మీద పెద్దగా ఆ ఒక్క అక్షరమే ఉంది.

ఆ టీషర్టుల ఫోటో నెట్‌లో చూసిన రోజు ఎలీషాకు అన్నం సయించలేదు. తన చేతకానితనాన్ని అచ్చువేసుకుని ఊరేగుతున్నారనిపించింది.

ఈ ఏడు సభ సామర్లకోటలోనే పెట్టి, మొదటిసారి అతన్ని పిలిచారు. అతను వస్తానన్నాడు. ఊరికే అనలేదు. పాత పాటలన్నీ స్టూడియోలో మళ్ళీ చేశాడు. దరువు ఎక్కడా తడబడదు, గొంతు ఎక్కడా జారదు, 'ఛ' లేనే లేదు. సభలో ఇవి వినిపించి, ఆ సాయంత్రమే నెట్‌లోంచి పాతవి తీసేసి వీటిని పెట్టాలని నిశ్చయం చేసుకున్నాడు. సభ చూసుకునే రమీజాకు ఫోన్ కూడా చేశాడు. ఆమె బెజవాడలో బ్యాంకు ఉద్యోగి.

"ఆ ఛ అనడం ఒక్కటి మానిపించండి మేడమ్. నన్ను వెక్కిరిస్తున్నట్టుంటుంది."

"అలా అనుకున్నారా సార్," అంది రమీజా. "అందరికీ చెప్తాను."

సభ ఆదివారం మధ్యాహ్నం. ఎలీషా శనివారమే ఊళ్ళో దిగి, తిన్నగా మిషన్ చర్చికి వెళ్ళాడు. అతనికి స్వరాలు నేర్పిన ఆశీర్వాదం మాస్టారు శనివారం సాయంత్రాలు అక్కడే ఉంటారు. కాళ్ళతో తొక్కి వాయించే పెద్ద హార్మోనియం ముందు కూర్చుని, మర్నాటి ఆరాధనకి కీర్తనలు సరిచూసుకుంటారు. జుట్టు పూర్తిగా తెల్లబడింది గానీ వేళ్ళు అలాగే ఉన్నాయి.

ఎలీషా కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. ఇయర్‌ఫోన్లు మాస్టారి చెవుల్లో పెట్టి పాత 'కిటికీ సీటు', కొత్త 'కిటికీ సీటు' రెండూ వినిపించాడు. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

"రెండోది శుభ్రంగా ఉంది," అన్నారు.

ఎలీషా మొహం విప్పారింది. ఈయన నోట ఆ మాట రావడం అంటే మాటలు కాదు.

"అయితే పాతవి తీసెయ్యనా మాస్టారూ?"

మాస్టారు హార్మోనియం వైపు తిరిగారు. రేపటి కీర్తన వరస ఒకసారి వాయించి, పాట ఎత్తుకునే చోట గాలి నిండడానికి ఎడమ కాలి చెక్కను గట్టిగా నొక్కారు. అది 'కిర్ర్'మంది. ఎలీషా పళ్ళు జివ్వుమన్నాయి. నేర్చుకునే రోజుల్లోనూ ఆ చెక్క ఇలాగే అరిచేది.

"ఇదింకా ఇలాగే ఏడుస్తోందా మాస్టారూ? కాస్త నూనె వేస్తే పోయేదానికి ఇన్నాళ్ళు భరించారా?"

"వేస్తావా?"

"ఎంతలో పని."

"వెయ్యి మరి."

ఎలీషా వెళ్ళి కుట్టుమిషను నూనె సీసా కొనుక్కొచ్చాడు. చొక్కా చేతులు మడిచి, నేల మీద బోర్లా పడుకుని, చెక్క కీలులో ఒక్కొక్క చుక్కే వేస్తూ చేత్తో ఆడించాడు. అరుపు పలచబడి, సన్నబడి, చివరికి పూర్తిగా ఆగిపోయింది. లేచి నూనె చేతులు రుమాలుకు తుడుచుకుంటూ ఆయన వంక చూశాడు. చిన్నప్పుడు లెక్క సరిగ్గా చేసి పలక చూపించినప్పటి సంతోషం అతని మొహంలో ఉంది.

మాస్టారు తొక్కి చూశారు. చడీచప్పుడూ లేదు.

"హాయిగా ఉంది కదా," అన్నాడు ఎలీషా.

"రేపు ఆరాధనకి రా. పక్కన కూర్చుని పేజీలు తిప్పుదువుగాని."

మర్నాడు చర్చి నిండింది. ఎలీషా ఇస్త్రీ చొక్కా వేసుకుని మాస్టారి పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. పాస్టరుగారు కీర్తన సంఖ్య చెప్పారు. అందరూ లేచి నిలబడి పుస్తకాలు తెరిచారు. మాస్టారు ముందు వరస వాయించి, ఎడమ కాలితో చెక్క నొక్కి, స్వరం మీద నిలబడ్డారు.

ఎవ్వరూ పాట ఎత్తుకోలేదు.

ముందు బల్లలో సుగుణమ్మగారున్నారు. ఆ సంఘంలో పాట ఎప్పుడూ ఆవిడ గొంతుతోనే లేస్తుంది. ఆవిడ నోరు తెరుచుకుని ఉంది. కానీ అందులోంచి పాట రావడం లేదు. పుస్తకం మీంచి కళ్ళెత్తి మాస్టారి వైపు చూస్తున్నారు. పాస్టరుగారు సన్నగా దగ్గారు.

మాస్టారు వరస మళ్ళీ వాయించారు. ఈసారి వెనక నుంచి ఒకాయన తొందరపడి ఎత్తుకున్నాడు. కుడివైపు ఆడవాళ్ళు ఆలస్యంగా అందుకున్నారు. సగంమంది ఒక మాట మీదా, సగంమంది ఇంకో మాట మీదా పడి పాట కుప్పకూలింది. చివరి బల్లలో పిల్లలు కిసుక్కున నవ్వారు.

ఎలీషా చెవులు వేడెక్కాయి. అందరూ దేనికోసం ఆగారో అతనికి అప్పుడు తెలిసింది. నిన్న తను బోర్లా పడుకుని నూనె వేసిన నేల వైపు చూశాడు. అక్కడ ఇంకా చిన్న మరక ఉంది.

మాస్టారు మూడోసారి వరస వాయించారు. పాట ఎత్తుకునే చోట చెక్క నొక్కి, తల కొంచెం ముందుకు వంచి, మొహంలో ఏ మార్పూ లేకుండా, నోటితో 'కిర్ర్' అన్నారు.

సంఘమంతా ఒక్కసారి పాట అందుకుంది.

ఎవరూ నవ్వలేదు. పిల్లలు కూడా పాడుతున్నారు. ప్రతి చరణం ముందూ మాస్టారు తల వంచడం, నోటితో ఆ చప్పుడు చెయ్యడం, పాట లేవడం జరిగిపోయాయి. ఆరాధన అయ్యేవరకూ ప్రతి కీర్తనకీ అంతే. ఎలీషా పేజీలు తిప్పుతూ, ఒకటి రెండు చోట్ల తిప్పడం మరిచిపోయి, తల దించుకుని కూర్చున్నాడు.

ఆరాధన ముగిశాక సుగుణమ్మగారు హార్మోనియం దగ్గరకొచ్చారు.

"మాస్టారూ, పెట్టెకి ఏమైనా జబ్బు చేసిందా?"

"నూనె వేశారమ్మా. ఎండిపోతుందిలే."

"ఓహో," అని ఆవిడ, ఆ నూనె వేసిన మనిషి పక్కనే ఉన్నాడని తెలియక, అతన్ని చూసి నవ్వి వెళ్ళిపోయారు.

చర్చి ఖాళీ అయింది. మాస్టారు హార్మోనియం మీద గుడ్డ కప్పుతున్నారు. ఎలీషా రెండో అంచు పట్టుకున్నాడు.

"మీకు ముందే తెలుసు కదా మాస్టారూ. నిన్న నన్నెందుకు వెయ్యనిచ్చారు?"

"ఏడుస్తోందన్నావు కదరా. మానింది కదా."

ఎలీషా ఇంకేదో అడగబోయాడు. మాస్టారు అప్పటికే తాళాలు వెతుక్కుంటున్నారు.

"మీ సభ ఎన్నింటికిరా అబ్బాయ్? అన్నం తిని వెళ్ళు," అన్నారు.

సభ స్టేషన్ దగ్గర ఒక కల్యాణమండపం డైనింగు హాల్లో. ఎలీషా లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని వెళ్ళేసరికి వందమంది దాకా ఉన్నారు. కాలర్ ట్యూన్ల కాలంలో కాలేజీల్లో ఉన్నవాళ్ళు, ఇప్పుడు జుట్టు పలచబడి, పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. అతన్ని చూసి లేచి నిలబడ్డారు. కానీ కేకలూ ఈలలూ లేవు. పెద్దమనిషి ఇంటికొచ్చినప్పుడు ఉండే అణకువ అందరిలోనూ ఉంది.

టీషర్టులు వేసుకొచ్చారు. కానీ అందరూ తిరగేసి వేసుకున్నారు. కుట్లు పైకి కనిపిస్తున్నాయి. పలచటి గుడ్డలోంచి ఆ అక్షరం వెనక్కి తిరిగి, గుండెల మీద లీలగా కనపడుతోంది.

"వేరేవి కుట్టించడానికి టైము లేదు సార్," అంది రమీజా మెల్లగా. "ఏమీ అనుకోకండి."

ఎలీషా తల ఊపి కూర్చున్నాడు.

ఒక్కొక్కరే లేచి పాత పాటల గురించి చెప్పారు. కాకినాడ నర్సు ఒకామె, తన ఫోనుకు 'దీపాల లారీ' కాలర్ ట్యూన్‌గా ఉన్న రోజుల్లో, అది వినడం కోసమే చెల్లెలు ఫోన్ చేసేదనీ, ఎత్తితే తిట్టేదనీ చెప్పింది. తాతారావనే బస్సు కండక్టరు 'సిగ్నల్ లేని ఊరు' మొదటిసారి ఏలేశ్వరం గేటు దగ్గర విన్నానని, ఇప్పటికీ బస్సు అక్కడికొస్తే నోటికి అదే వస్తుందని చెప్పాడు. ఏ పాట గొప్పదని ఇద్దరు కుర్రాళ్ళు వాదించుకున్నారు. ఎలీషా కొత్త పాటల సంగతి ఎవరూ ఎత్తలేదు. విచిత్రంగా అతనికి కోపం రాలేదు.

తరవాత ఒకావిడ లేచింది. పక్కన ఆమె భర్త కూర్చున్నాడు.

"మేమిద్దరం దెబ్బలాడుకుంటే మాటలుండవండి. రెండ్రోజులైనా ఉండవు. ఇంక లాభం లేదనుకుంటే ఈయన 'కిటికీ సీటు' పెడతారండి. అటు తిరిగి కూర్చుంటారు, నేను ఇటు తిరిగి కూర్చుంటాను. అక్కడికొచ్చేసరికి ఇద్దరం ఒక్కసారే..."

ఆమె ఠక్కున ఆగి రమీజా వైపు చూసింది. నాలుక కరుచుకుంది.

"తరవాత మాట్లాడేసుకుంటామండి," అని కూర్చుంది. భర్త నేల చూపులు చూస్తున్నాడు.

రమీజా మైకు తెచ్చి ఎలీషా ముందు పెట్టింది. "మీరు కొత్తగా చేసినవి వినిపిస్తానన్నారు సార్."

లాప్‌టాప్ అతని ముందు తెరిచే ఉంది. పాటలన్నీ వరసలో సిద్ధంగా ఉన్నాయి. ఎలీషా కాసేపు వాటి వంక చూసి, మూత వేసేశాడు. సభవాళ్ళు తెచ్చిపెట్టిన కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు.

"చేత్తో వాయిస్తాను," అన్నాడు.

'కిటికీ సీటు' మొదలుపెట్టాడు. రెండో మాటకే జనం గొంతు కలిపారు, మొదట మెల్లగా, తరవాత కొంచెం ధైర్యంగా. స్టేషనొచ్చింది, రైలాగింది, మొదటి చరణం అయిపోయింది. ఎలీషా రెండు చేతులూ కీబోర్డు మీంచి ఎత్తేశాడు. దరువు ఆగింది.

చప్పుడు లేదు.

వందమందీ పెదాలు బిగించుకుని ఉన్నారు. తాతారావు పైకప్పు చూస్తున్నాడు. దెబ్బలాడుకునే భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు. రమీజా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అతను వద్దన్నాడని, తమకు బాగా ఇష్టమైన చోట, అందరూ నోరు నొక్కుకుని ఆగారు. రెండో చరణం ఎవరూ ఎత్తుకోవడం లేదు. అతను ఎంతసేపు ఆపితే అంతసేపూ ఆగేటట్టున్నారు.

ఎలీషా తల కొంచెం ముందుకు వంచి, మైకు దగ్గరికి జరిగాడు.

"ఛ," అన్నాడు.

హాలంతా ఒక్కసారి రెండో చరణం అందుకుంది.