దళవాయిగారి కొత్త సంసారం

గండికొండను ఏలే ఉదయమల్ల మహారాజుకి కొడుకు పుట్టిన దగ్గర్నుంచి నిద్ర లేదు. నిద్ర లేని రాజుకి ఓపిక ఉండదు. ఒకరోజు నిండుసభలో, ఉయ్యాల్లో యువరాజు కేరుకేరుమంటుంటే, సింహాసనం మీద గుద్ది అరిచాడు.

"నా కొడుకు పెరిగే రాజ్యంలో ఒక్క దుర్మార్గుడు మిగలకూడదు! విచారణలెందుకు, సాక్షులెందుకు? కనపడ్డచోటే నరికెయ్యండి! మొదట నరికినవాడికి బంగారు కంకణం. ఆ కంకణం తొడుక్కున్నవాడు ఎవర్ని నరికినా అడిగేవాడు లేడు!"

సభంతా చప్పట్లు కొట్టింది. రాజు అరిస్తే చప్పట్లు కొట్టడమే ఆ సభకి తెలిసిన రాజనీతి.

ఉయ్యాల ఊపుతున్న దాది నాంచారి మాత్రం కొట్టలేదు. ఆమె చెయ్యి ఆగితే యువరాజు ఏడుస్తాడు, యువరాజు ఏడిస్తే రాజ్యం దద్దరిల్లుతుంది. అందుకే ఆమె ఏం చెప్పినా రాజు వినేవాడు.

కొన్నాళ్లకి, సైన్యాన్ని నడిపే దళవాయి గజాంకుశుడు నెత్తుటి మరకల తలపాగా ఒకటి ఊపుకుంటూ వచ్చాడు. ఆయన మీసాలకి పెట్టిన నూనెలో సగం కత్తికి పెట్టినా అది తుప్పు పట్టేది కాదు.

"మహారాజా! బందిపోటు ఎర్రగండణ్ణి ఒంటిచేత్తో నరికాను! శవం లోయలో పడింది, ఇది మిగిలింది. విచారణ వద్దు, వేటు ముద్దు!"

"వేటు ముద్దు!" అంది సభ.

"చచ్చేముందు వాడేమన్నాడు?" రాజు ఆశగా ముందుకు వంగాడు.

దళవాయి కాస్త తడుముకున్నాడు. "కాళ్లు పట్టుకుని ఏడ్చాడు ప్రభూ! 'నా పెళ్లాం పిల్లలు దిక్కులేనివాళ్లయిపోతారు, వదిలెయ్ దొరా' అన్నాడు. నేను వదల్లేదు!"

"శభాష్! రేపు పొద్దున కంకణం తొడుగుతాం. తర్వాతి వేటు ఎవరి మీద?"

"సాలెవీధి బుచ్చన్న మీద. సంతలో నన్ను మీసాల దిష్టిబొమ్మ అన్నాడు. రాజద్రోహం!"

ఉయ్యాల ఆగిపోయింది. యువరాజు గుక్కపట్టాడు. బుచ్చన్న నాంచారి మొగుడు.

కత్తి ఉన్నవాడికి దుర్మార్గుడు దొరకడం ఎంతసేపు? తనని చూసి నవ్వినవాడు చాలు.

ఇంటికెళ్లగానే నాంచారి మొగుణ్ణి నిలదీసింది. "దిష్టిబొమ్మ అనకపోతే నీ నోరు ఊరుకోదా?"

"ఆ మీసాలు చూశావుగా, ఇంకేమనాలే?" అన్నాడు బుచ్చన్న దీనంగా. "ఊరొదిలి పారిపోనా?"

"పారిపోతే ఇంకొకణ్ణి వెతుక్కుంటాడు. రేపు నువ్వూ సభకి రా. మా అమ్మ చీర కట్టుకుని."

మర్నాడు పళ్లెంలో కంకణం మెరుస్తోంది. నాంచారి ఉయ్యాల ఊపుతూనే అంది.

"మహాప్రభూ, మీరూ బిడ్డ తండ్రే. చచ్చినవాడి పిల్లల్ని ఇక ఎవరు సాకాలి? ఖజానానా?"

ఖజానా పేరు వినగానే రాజు గతుక్కుమన్నాడు. "అమ్మో! చంపినవాడే సాకాలి! సంసారం మొత్తాన్ని ఇంటికి తీసుకెళ్లి!"

"వీరుడికి అదో లెక్కా?" అని మీసం దువ్వాడు దళవాయి.

"అయితే తలుపు తియ్యండయ్యా," అంది నాంచారి.

తలుపు తెరుచుకోగానే పిల్లల దండు లోపలికి దూసుకొచ్చింది. "నాన్నా!" అంటూ ఒకడు దళవాయి మెడెక్కాడు, ఒకతె మీసం పట్టి వేలాడింది, బోసిమొల బుడ్డోడొకడు ఆయన పట్టుపంచె తడిపేశాడు. వెనకాల ఇద్దరు ఆడవాళ్లు గుండెలు బాదుకుంటూ వచ్చారు. వాళ్ల వెనక ముసుగేసుకున్న, మగాడి భుజాలంత భుజాలున్న ఓ ఆవిడ.

"ఎర్రగండడి పెళ్లాలు, పిల్లలు, అత్తగారు. వాడు ఏడ్చింది వీళ్ల కోసమేగా!" అంది నాంచారి.

"అల్లుడుగారూ," అంది అత్తగారు బొంగురుగా, "ఉలవచారు లేందే నాకు ముద్ద దిగదు. మెత్తటి పరుపు కూడా నాకే!"

దళవాయి కంకణం వైపు మరోసారి చూశాడు. "సరే... భరిస్తాను."

రాణివాసపు తెర వెనక గాజులు గలగల్లాడాయి. దళవాయి భార్య కనకాంబ గొంతు సభంతా వినిపించింది.

"ఏమండీ, తప్పకుండా తీసుకురండి! గుమ్మంలో రోకలి పట్టుకుని నిలబడతాను. విచారణ కూడా చెయ్యను!"

దళవాయి ధబాల్న రాజు కాళ్ల మీద పడ్డాడు. "నేనెవర్నీ చంపలేదు ప్రభూ! తలపాగా తుమ్మకొమ్మకి వేలాడుతుంటే తెచ్చాను! ఆ నెత్తురు మా వంటింటి కోడిది!"

రాజు నోరు తెరిచాడు. "మరి ఈ పెళ్లాం పిల్లలు?"

"ఆ సంసారం దళవాయిగారి నోట్లో పుట్టింది ప్రభూ. మా వీధి నుంచి మనుషుల్ని తెచ్చి నింపానంతే," అంది నాంచారి.

"ఆ అత్తగారు?"

నాంచారి ముసుగు లాగింది. మాసిన గడ్డంతో బుచ్చన్న బిక్కమొహం పెట్టి నిలబడ్డాడు.

"మా ఆయన ప్రభూ. ఇవాళ తల తెగాల్సిన దుర్మార్గుడు. మీరు ఒక్క ప్రశ్న అడిగేదాకా బతికుండాలని చీర కట్టించాను."

రాజు ముందు సిగ్గుపడ్డాడు. తర్వాత కిరీటం జారేదాకా నవ్వాడు. "ఇకమీదట విచారణ లేందే ఈ రాజ్యంలో కత్తి లేవకూడదు! కంకణం నాంచారికి. దళవాయీ, మావాడికి పళ్లొచ్చేదాకా ఉయ్యాల నువ్వే ఊపు!"

దళవాయి ఉయ్యాల మీదికి వంగాడు. యువరాజు రెండు చేతులా మీసాలు పట్టుకుని, ఏడుపు ఆపి, కిలకిలా నవ్వాడు.

"చూశారా ప్రభూ?" అన్నాడు బుచ్చన్న చీర కొంగు సర్దుకుంటూ. "దిష్టిబొమ్మే!"

ఈసారి సభ నవ్వడానికి రాజు వైపు చూడలేదు.