పసుపు కాయల పలక

అనగనగా, మన తాతల తాతలు కూడా పుట్టని రోజుల్లో, కలువపురం అనే పట్నంలో సింగారమ్మ ఉండేది. తరిణె మీద కొయ్యను తిప్పుతూ చెక్కబొమ్మలు చేయడం ఆమె పని. భర్త విషజ్వరంతో పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు మిగిలారు.

ఒక ఏడాది వానలు పడలేదు. ఇంట్లో గంజి ఒక పూటే. రెండో పూట పిల్లలు ఆకలని ఏడవకుండా సింగారమ్మ ఒక చెక్కపలక మీద ఏడు గీతలు గీసింది. అవి ఏటి పాయలు. ఒడ్డున అయిదు కాయలు పెట్టింది. వాళ్లు మనుషులు. గవ్వలు వేసి వాళ్లను ఏరు దాటించాలి. ఒక్కరు ఇవతల మిగిలినా గెలిచినట్టు కాదు.

పిల్లలు ఆటలో పడి ఆకలి మరిచారు. ఇరుగుపొరుగు పిల్లలు చేరారు. వాళ్ల తల్లులు వచ్చి, "మాకూ ఒకటి చేసిపెట్టు సింగారమ్మా, తవ్వెడు జొన్నలిస్తాం" అన్నారు. అలా మొదలైంది బేరం. కాయలకు పసుపుకొమ్ములతో పసుపు, ఏటి గీతలకు నీలిమందుతో నీలం వేసి, పలక అంచున తన గుర్తుగా చిన్న చేపను చెక్కేది.

ఆ సంగతి మణిగుప్తుడనే వర్తకుడి చెవిన పడింది. అతను మూడుసార్లు వచ్చాడు.

మొదటిసారి, "నీ రెండు చేతులతో ఎన్నని చేస్తావు తల్లీ? చెక్క నేను తెస్తాను, మనుషుల్ని పెట్టుకో. నా బళ్లు మూడు పట్నాలకు వెళతాయి" అన్నాడు. సింగారమ్మ ఒప్పుకుంది. పనికి కుదిరిన ముప్పై ఇళ్లలో పొయ్యి వెలిగింది.

రెండోసారి, "పలక పలచన చెయ్యి. బండికి రెట్టింపు పడతాయి" అన్నాడు. ఒప్పుకుంది. కొన్ని పలకలు వంకరపోయాయి. ఎవరూ ఏమీ అనలేదు.

మూడోసారి ఒక పొట్లం విప్పాడు. గనిరాయి నూరిన పసుపుపచ్చటి పొడి, బంగారంలా మెరుస్తోంది.

"ఇది తాళకం. నీ పసుపు నెల తిరక్కుండా వెలిసిపోతోంది. ఇక ఇది వెయ్యి."

"ఇది ఎలుకలకు పెట్టే విషం కదయ్యా! పిల్లలు కాయలు నోట్లో పెట్టుకుంటారు."

"పైన లక్క పూస్తావుగా, ఏమీ కాదు. ఇష్టం లేకపోతే మానెయ్. రేపటి నుంచి నా బళ్లు రావు. ఆ ముప్పై ఇళ్లకూ నువ్వే చెప్పుకో."

సింగారమ్మ ఆ పొట్లం తీసుకుంది. మర్నాడు రంగు కలిపింది. తన పిల్లలు ఆడుకునే కాయలకు మాత్రం పాత పసుపే ఉంచింది.

ఆ మెరుపు చూసి జనం ఎగబడి కొన్నారు. నాలుగు నెలలు గడిచాయి. ఒక మిట్టమధ్యాహ్నం పొరుగు పట్నం నుంచి ఓబులమ్మ అనే నేతగత్తె నడిచి వచ్చి, గుమ్మంలో పలక దించింది.

"మా లచ్చికి అయిదేళ్లు. ఎప్పుడూ ఈ కాయ బుగ్గనే ఉండేది. వాంతులు పట్టుకున్నాయి. నిన్న మట్టి చేశాం. వైద్యుడు కాయ గీకి చూసి విషమన్నాడు. ఈ చేప గుర్తు నీదేనా?"

కాదనడానికి ఒక్క మాట చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చింది.

"నాదే" అంది సింగారమ్మ.

"నీ పిల్లలూ ఇవే ఆడుకుంటారా అమ్మా?"

సింగారమ్మ తల అడ్డంగా ఊపి, "పద, రాజుగారికే చెబుతాను" అంటూ ఆ పలకను చేతిలోకి తీసుకుంది.

అదే రోజు ఇద్దరూ రాజసభకు వెళ్లారు. మణిగుప్తుణ్ణి పిలిపిస్తే, "నా రంగులో దోషం లేదు. ఆ పిల్ల ఏ రోగంతో పోయిందో!" అన్నాడు.

"దోషం లేకపోతే ఈ కాయను ఆయన్ని చప్పరించమనండి మహారాజా" అంది సింగారమ్మ.

రాజు కాయ చేతికిచ్చాడు. మణిగుప్తుడు నవ్వి ఊరుకున్నాడు. రాజు మళ్లీ అడిగాడు. "ఇప్పుడే భోంచేశాను ప్రభూ" అన్నాడు. మూడోసారి అడిగేసరికి పళ్లు బిగించి తల దించాడు. భటులు అతణ్ణి చెరసాలకు తీసుకుపోయారు.

"నిజం చెప్పావు, నువ్వు వెళ్లు" అన్నాడు రాజు.

"నేనూ తెలిసే వేశాను మహారాజా. నాకూ శిక్ష వెయ్యండి."

రాజు ఆమె కోరినట్టే శిక్ష వేశాడు. "అయితే మూడు పట్నాల్లో గడప గడపకూ వెళ్లు. చేసింది నీ నోటితోనే చెప్పి, పలకలు వెనక్కి తెచ్చుకో."

మొదటి పట్నంలో ఆమె మీద ఉమ్మారు. రెండో పట్నంలో రాళ్లు వేశారు. మూడో పట్నంలో ఏమీ చేయలేదు. ఇద్దరు తల్లులు ఆమెను ఊరి చివరకు తీసుకెళ్లి రెండు చిన్న సమాధులు చూపించారు.

ఏడాది తిరిగేసరికి, వెనక్కి తెచ్చిన పలకలన్నీ లోతైన గోతిలో పూడ్చింది. ఆ ఏడాదంతా ముప్పై ఇళ్లవాళ్లూ కూలికి పోయి బతికారు. పాత పసుపే వేస్తూ మళ్లీ తరిణె ముందు కూర్చుంటే కొనేవాళ్లు లేరు. చివరికి ఒక మంత్రసాని వచ్చింది. "ఇంటింటికీ తిరిగి తప్పు ఒప్పుకున్నదానివి, ఇక దాచవు. మా మనవరాలికి ఒకటి ఇవ్వు" అంది. ఆమెను చూసి మరొకరు, వాళ్లను చూసి ఇంకొందరు వచ్చారు. కొన్నేళ్లకు ఏ సంతలోనైనా తల్లులు చేప గుర్తున్న పలకే అడిగేవారు. ఆ పనితో బతికే ముప్పై ఇళ్లు మూడు వందలయ్యాయి.

ఏటా లచ్చి పోయిన రోజున సింగారమ్మ ఓబులమ్మ గుమ్మం ముందు నిలబడేది. ఆ తలుపు ఒక్కసారీ తెరుచుకోలేదు.

పిల్లలూ, మన బిడ్డకు ఇవ్వలేనిది పరుల బిడ్డకు అమ్మకూడదు. తెలిసి చేసిన తప్పును ఒప్పుకుంటే పోయిన నమ్మకం తిరిగి రావచ్చు గానీ, పోయిన ప్రాణం రాదు.