హాలోవేలో మూడంగుళాలు

ఇది మూడంగుళాల కథ. కాబట్టి పొడుగుండదు. అమెరికాలో, కెంటకీ రాష్ట్రంలో, హాలోవే జంక్షన్ అనే ఊళ్ళో, లెమ్యూల్ అనే ముప్పై ఏళ్ళ మనిషి మూడు రోజులు తిండి మానేశాడు. అంతే కథ.

అయితే లెమ్యూల్ తిండి ఎందుకు మానేశాడో తెలియాలంటే ముందు కోరాబెల్ గారి కోళ్ళ సంగతి తెలియాలి. కోళ్ళ సంగతి తెలియాలంటే రైలు పట్టాల సంగతి తెలియాలి.

ఆ దేశంలో ఉత్తరాదివాళ్ళు పట్టాలు ఒక కొలతలో వేసుకున్నారు. దక్షిణాదివాళ్ళు అంతకన్నా మూడంగుళాలు వెడల్పుగా వేసుకున్నారు. ఇద్దరికీ మధ్య పెద్ద యుద్ధం జరిగింది. యుద్ధమయ్యాక మనుషులు ఎలాగో రాజీపడ్డారు గాని పట్టాలు పడలేదు. ఆ రెండు కొలతలూ ఎదురెదురుగా వచ్చి ఆగిపోయే చోటే హాలోవే. చికాగో నుంచి వచ్చే కుట్టుమిషన్లు, కోత యంత్రాలు, ముళ్ళతీగ చుట్టలు అన్నీ ఇక్కడ ఒక బండిలోంచి దింపి ఇంకో బండిలోకి ఎక్కించాలి. అటునుంచి వచ్చే పత్తి బేళ్ళూ అంతే. మనుషులూ దిగి, రెండు గంటలు కూర్చుని, రెండో బండి ఎక్కాలి.

ఆ రెండు గంటల మీదే ఊరు బతికింది. మగవాళ్ళు మూటలు మోశారు. కోరాబెల్ గారు ప్లాట్‌ఫారం పక్కన పూటకూళ్ళ ఇల్లు పెట్టి వేయించిన కోడి అమ్మింది. ఆవిడ కోడి మెత్తగా ఉంటుందని ఎవరూ అనలేదు. రెండు గంటలు ఖాళీగా ఉన్నవాడు దాన్ని నమలగలడు, అంతవరకే. మంగలి సైలస్ ఒక చెంప గీసేసరికి రెండో బండి కూత పెట్టేది. హాలోవే మీదుగా వచ్చినవాణ్ణి చికాగోలో గడ్డం చూసి గుర్తుపట్టేవారని చెప్పుకుంటారు.

యుద్ధం ముగిసిన ఇరవై ఒక్క ఏళ్ళకి రైలు కంపెనీలన్నీ ఒక మాట మీదికొచ్చాయి. మే నెల ఆఖరి రోజున మొదలుపెట్టి, రెండు రోజుల్లో, దక్షిణాదిలో ఉన్న వేల మైళ్ళ దారిలో ఒక పక్క పట్టాని మూడంగుళాలు లోపలికి జరపాలి. ఆ తర్వాత ఏ బండైనా ఎక్కడికైనా పోతుంది.

హాలోవే సంబరపడింది. రైళ్ళు రెట్టింపవుతాయి, బేరాలూ రెట్టింపవుతాయి అనుకున్నారు. కోరాబెల్ గారు కొత్త బల్లలు చేయించింది. సైలస్ ఇంకో కుర్చీ కొన్నాడు.

హాలోవేకి దక్షిణంగా ఉన్న నాలుగు మైళ్ళ పట్టా లెమ్యూల్ వంతుకొచ్చింది. నిజానికి అది అతని గురువు అమోస్‌ది. అమోస్ బానిసగా పుట్టినవాడు. యుద్ధమయ్యాక మొట్టమొదటి కూలి పట్టాల మీదే తీసుకున్నాడు. ఇరవై ఏళ్ళు సుత్తి పట్టాక వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. అందుకని ఈసారి సుత్తి లెమ్‌కి, అంటే లెమ్యూల్‌కి, ఇచ్చాడు. కంపెనీ మనిషి వచ్చి, ఈ నాలుగు మైళ్ళలో బండి పడితే ఎవరిని అడగాలో పుస్తకంలో లెమ్ పేరు రాసుకుని మరీ వెళ్ళాడు.

నల్లవాడు కొట్టిన మేకు ఊడి తెల్లవాళ్ళ బండి పడితే, ఆ ఊళ్ళో విచారణ ఎంతసేపు జరుగుతుందో లెమ్‌కి తెలుసు. అతని తిండి పోయింది అక్కడ.

పని మొదలైన పొద్దున అమోస్ తన పాత కొలబద్ద తెచ్చాడు. రెండు పట్టాల మధ్య అడ్డంగా పెట్టి ఎడం చూసుకునే గట్టి చెక్క బద్ద అది. రంపం తీసుకుని దాని చివర మూడంగుళాలు కోశాడు. బద్ద లెమ్ చేతికిచ్చాడు. రాలిన ముక్క కూడా ఇచ్చాడు.

"ఇది ఎందుకు బాబాయ్?"

"జేబులో పెట్టుకో. మనం జరిపేది ఇంతే."

లెమ్ దాన్ని తాయెత్తులా దాచుకున్నాడు. చీకటి పడేలోపు పన్నెండుమంది మనుషులతో నాలుగు మైళ్ళూ జరిపేశాడు. లోపలి మేకులు పీకడం, పట్టా తొయ్యడం, కొత్త చోట మేకులు దిగ్గొట్టడం. మనుషులు ఇళ్ళకి పోయారు. లెమ్‌కి మాత్రం అప్పుడే అసలు పని మొదలైంది.

మర్నాడు పొద్దుణ్ణుంచీ ఒక్కడే నడిచాడు. పట్టాల కింద అడ్డంగా వేసే చెక్క స్లీపర్ల మీద పట్టా నిన్నటిదాకా కూర్చున్న తుప్పు మరక ఉంది కదా, ఆ మరకకీ పట్టాకీ మధ్య ఆ చెక్కముక్క పెట్టి చూడటం. సరిపోతే ఇంకో నాలుగడుగులు. అలా నాలుగు మైళ్ళు వెళ్ళి, నాలుగు మైళ్ళు వచ్చాడు. సైలస్ గుమ్మంలో నించుని, "ఏమయ్యా, పట్టాకి జ్వరం తగ్గిందా?" అని అరిచాడు.

లెమ్ గురువు దగ్గరికి పరిగెత్తాడు.

"బాబాయ్, రెండో మైలు మలుపు దగ్గర ఒక మేకు తల వంకరగా ఉంది."

అమోస్ వచ్చి చూశాడు. బూటు కొసతో తన్ని చూశాడు. "తల వంకరే. పట్టు బాగుంది. మన సైలస్‌కి తల తిన్నగానే ఉంటుంది, చేతికే పట్టు లేదు," అన్నాడు.

"పీకి ఇంకోటి కొట్టనా?"

"కొట్టు."

కొట్టాడు. గంటకల్లా మళ్ళీ వచ్చాడు. "బాబాయ్, ఇప్పుడు దాని పక్కది వంకరగా కనిపిస్తోంది."

అమోస్ తిండి మూట విప్పాడు. రొట్టె తుంచి సగం అతని ముందు పెట్టాడు. లెమ్ దాన్ని చేతిలో పట్టుకునే మలుపు దగ్గరికి మళ్ళీ వెళ్ళాడు. ఆ రొట్టె ఏదో కాకి తినుంటుంది.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం మొదటి బండి రావాలి. దక్షిణం నుంచి ఉత్తరానికి, నిండా జనంతో. కోరాబెల్ గారు తెల్లవారుతూనే నలభై కోళ్ళు కోయించింది. బడి పిల్లలకి జెండాలిచ్చారు.

లెమ్ పొద్దున్నే గురువు గుడిసెకి వెళ్ళాడు. వాకిట్లో కంచరగాడిద బండి కట్టి ఉంది. పరుపు చుట్ట ఎక్కింది. బొచ్చెలు ఎక్కాయి. అమోస్ పొగగొట్టం ఊడదీసి గుడ్డలో చుడుతున్నాడు.

లెమ్ బండికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"ఎక్కడికి బాబాయ్?"

"దారి ఖాళీగా ఉన్నప్పుడే బయల్దేరాలి."

"ఏ మేకు?" అన్నాడు లెమ్. "నువ్వు ఏదో చూశావు. నాతో చెప్పలేక పోతున్నావు. ఏ మేకో చెప్పు, ఇంకా నాలుగు గంటలుంది, చెప్పు బాబాయ్!"

అమోస్ ఇనప పొయ్యి ఒక పక్క పట్టుకున్నాడు.

"ఆ చివర పట్టుకో," అన్నాడు.

లెమ్ పట్టుకున్నాడు. పొయ్యి తలుపు బండెక్కేదాకా టకటకా కొట్టుకుంటూనే ఉంది.

ఇలాంటి సంగతి హాలోవేలో చెప్పాల్సిన పనిలేదు, దానంతటదే నడుస్తుంది. అమోస్ బండి వీధిలోకి రాకముందే సైలస్ కొత్త కుర్చీలో కూర్చుని తేల్చేశాడు. "గురువే పారిపోతున్నాడంటే శిష్యుడి పని ఎలా ఉందో చూసుకోండి." కోరాబెల్ గారు బల్లలు పట్టాలకి రెండు గజాలు దూరం జరిపించింది. కోళ్ళు పాడవకూడదని.

లెమ్ సుత్తి పట్టుకుని నాలుగు మైళ్ళూ ఇంకోసారి పరిగెత్తాడు. వెళ్ళేటప్పుడు ఒక పట్టా, వచ్చేటప్పుడు రెండోది. ఊరి మొదట్లో, ప్లాట్‌ఫారం కనిపించే మలుపు దగ్గర ఆగిపోయాడు. ఊపిరి అందలేదు. దూరంగా పొగ కనిపించింది.

పారిపోదామనుకున్నాడు. పోలేదు. జేబులో చెక్కముక్కని పిడికిట్లో బిగించి కళ్ళు మూసుకున్నాడు.

ముందు పట్టా మోగింది. తర్వాత నేల అదిరింది. తర్వాత చక్రాలు. లెమ్ ఒక్కొక్క చప్పుడూ విన్నాడు. రెండో మైలు మలుపు దాటింది. కల్వర్టు దాటింది. వేడిగాలి మొహాన కొట్టింది. పెట్టె వెనక పెట్టె, పెట్టె వెనక పెట్టె, ఎక్కడా తడబాటు లేదు. చివరి పెట్టె పోయాక కళ్ళు తెరిచాడు. బండి పట్టాల మీదే ఉంది.

పెద్దగా నవ్వాడు. మూడు రోజుల తర్వాత మొదటిసారి ఆకలేసింది.

అప్పుడు ప్లాట్‌ఫారం వైపు చూశాడు. జెండాలు ఊగుతున్నాయి. కోరాబెల్ గారు పళ్ళెం పట్టుకుని ముందుకొచ్చింది. డ్రైవరు టోపీ తీసి మర్యాదగా నమస్కరించాడు. బండి ఎంత వేగంతో వచ్చిందో అంత వేగంతోనే ఉత్తరానికి వెళ్ళిపోయింది.

ఆగలేదు. ఆగాల్సిన పనేమీ లేదు.

పట్టాలు దాటే రోడ్డు మీద అమోస్ బండి నిలబడి ఉంది. లెమ్ పరిగెత్తాడు.

"బాబాయ్, పడలేదు!"

"ఊఁ."

"ఒక్క మేకు కదల్లేదు!"

"ఊఁ."

"మరి నువ్వు సామాను ఎందుకు కట్టావు?"

అమోస్ పగ్గాలు చేతిలోకి తీసుకున్నాడు.

"నువ్వు బాగా కొట్టావని."

లెమ్ వెనక్కి తిరిగి చూశాడు. ప్లాట్‌ఫారం మీద ఎవరూ కదలడం లేదు. జేబులోంచి చెక్కముక్క తీసి చూశాడు. మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

బండిలో పొయ్యి పక్కన, ఒక మనిషి కూర్చునేంత చోటు ముందే వదిలి ఉంది.

ఆ పూట హాలోవేలో అందరూ కోడే తిన్నారు. నమలడానికి ఎవరికీ తొందర లేదు.